కాలేజీలు మారి చదివినవాళ్లు ఎమ్మెస్‌కి అప్లై చేసేటప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలిటెక్నిక్ ఒక ఊళ్లో, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాది ఇంకో ఊళ్లో, అక్కడ మా బ్రాంచి ఎత్తేస్తే చివరి రెండేళ్లు మూడో చోట. నా చదువు అలా సాగింది. ఎమ్మెస్ అప్లికేషన్‌లో ‘ఇంతవరకు చదివిన విద్యాసంస్థలన్నీ రాయండి’ అనే చోటికి వచ్చి రెండు రోజులు ఆగిపోయాను. అడగడానికి తెలిసినవాళ్లు లేరు. ఇప్పుడు ఏటా ఆగస్టు వచ్చేసరికి జూనియర్లు ఫోన్ చేసి అవే సందేహాలు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కువ భాగం అమెరికా ఎమ్మెస్ గురించే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కాలేజీ మారే ముందు, మారుతున్నప్పుడు

రెండు మూడు కాలేజీలు మారితే ఎమ్మెస్ సీటు రాదా?

వస్తుంది. అమెరికాలో రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, తర్వాత యూనివర్సిటీకి మారి డిగ్రీ తీసుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. అడ్మిషన్ కమిటీకి కాలేజీ మారడం వింతేమీ కాదు. వాళ్లు చూసేది రెండు విషయాలు: మారాక మార్కులు ఎటు పోయాయి, కాగితాల్లో ఏ సెమిస్టర్ ఎక్కడ చదివారో ఖాళీ లేకుండా తెలుస్తోందా లేదా. మొదటిది మీ చదువును బట్టి ఉంటుంది. రెండోది మాత్రం పూర్తిగా మీ జాగ్రత్త మీదే ఉంటుంది, చాలామంది దెబ్బతినేదీ అక్కడే.

పాత కాలేజీ వదిలేటప్పుడు ఏమేం తీసుకోవాలి?

టీసీ, స్టడీ అండ్ కాండక్ట్, అప్పటివరకు వచ్చిన అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, చేరిన తేదీ, వదిలిన తేదీ ఉన్న బోనఫైడ్. వర్సిటీ కూడా మారుతుంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. ట్రాన్స్‌ఫర్‌కి రెండు కాలేజీలూ ఇచ్చిన ఎన్‌వోసీలు, వర్సిటీ అనుమతి పత్రం జిరాక్స్ తీసి దాచండి. టీసీ ఒరిజినల్ కొత్త కాలేజీవాళ్లు ఉంచేసుకుంటారు, అది మళ్లీ మీ చేతికి రాదు. ఇచ్చేముందే రంగుల్లో స్కాన్ చేసుకోండి. సిలబస్ కాపీ కూడా అడగండి. మూడేళ్ల తర్వాత ఏదైనా వర్సిటీ ‘ఈ సబ్జెక్టులో ఏం చెప్పారు’ అని అడిగితే ఆ పుస్తకం దొరకదు.

ఫీజు బాకీ ఉందని ఒరిజినల్స్ ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టంగా నోటీసు ఇచ్చింది. ఏఐసీటీఈ నిబంధన కూడా అదే. ముందు ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా ఎన్నిసార్లు తిరిగినా రుజువు ఉండదు. జవాబు రాకపోతే అఫిలియేషన్ ఇచ్చిన వర్సిటీకీ, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. నిజంగానే బాకీ ఉంటే మాత్రం వాయిదాల మీద కట్టేసి రసీదు తీసుకోవడం మేలు. అప్లికేషన్ గడువు మీ తగాదా తేలేదాకా ఆగదు.

## కాగితాలు సమకూర్చుకునేటప్పుడు

చదివిన ప్రతి చోటి నుంచీ ట్రాన్స్‌క్రిప్టు కావాలా? ఆఖరి కాలేజీది ఇస్తే చాలదా?

ట్రాన్స్‌క్రిప్టు అంటే అన్ని సెమిస్టర్ల మార్కులతో సంస్థ ఇచ్చే అధికారిక పత్రం. అమెరికా వర్సిటీలు దాన్ని అడిగేది ఇంటర్ తర్వాత చదివిన ప్రతి సంస్థ నుంచి. అయితే మన దగ్గర దీని అర్థం మీ కాలేజీ ఏ రకమో దాన్నిబట్టి మారుతుంది, కాబట్టి కాస్త నిదానంగా చూడండి.

రెండు కాలేజీలూ ఒకే వర్సిటీకి అఫిలియేటెడ్ అయితే, ఉదాహరణకు రెండూ జేఎన్టీయూ హైదరాబాద్ కిందివే అయితే, పరీక్షలు పెట్టిందీ మార్కులు ఇచ్చిందీ వర్సిటీయే. అప్పుడు వర్సిటీ ఎగ్జామ్ బ్రాంచి ఇచ్చే ట్రాన్స్‌క్రిప్టులో అన్ని సెమిస్టర్లూ ఒకేచోట వస్తాయి. అప్లికేషన్‌లో మాత్రం రెండు కాలేజీల పేర్లూ, తేదీలూ రాయాలి.

జేఎన్టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం వర్సిటీలుగా విడిపోయింది. పేరు ఒకేలా ఉన్నా అవి వేర్వేరు వర్సిటీలు. కాకినాడ పరిధిలో మొదలుపెట్టి హైదరాబాద్ పరిధిలో ముగించినవాళ్లకి రెండు చోట్లా పని ఉంటుంది.

అఫిలియేటెడ్ కాలేజీ నుంచి ఆటానమస్‌కి మారితే ఇంకో మెలిక ఉంది. ఆటానమస్‌లో పరీక్షలు, మెమోలు కాలేజీవే, డిగ్రీ పట్టా వర్సిటీది. అంటే మొదటి సెమిస్టర్ల ట్రాన్స్‌క్రిప్టు వర్సిటీ నుంచి, తర్వాతివి కాలేజీ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ నుంచి వస్తాయి. డీమ్డ్ లేదా ప్రైవేట్ వర్సిటీలో ఒక ఏడాది చదివి వదిలేసినా అక్కడి మార్కుల పత్రం విడిగా తెప్పించాలి. పరీక్షలు రాయకుండానే వదిలేస్తే, చేరినట్టు, వదిలినట్టు తేదీలున్న ఒక లెటర్ అడిగి తీసుకోండి.

ట్రాన్స్‌క్రిప్టు పెట్టి సీలు వేసి ఇచ్చే కవర్లు అవసరానికంటే రెండు మూడు ఎక్కువ తీసుకోండి. చాలా వర్సిటీలు అప్లై చేసేటప్పుడు స్కాన్ కాపీతో సరిపెట్టుకుని, సీటు వచ్చాకే ఒరిజినల్ అడుగుతాయి. కవరు మీరు తెరిస్తే మాత్రం అది ఇక పనికిరాదు.

నాది ఈసెట్ లేటరల్ ఎంట్రీ. ట్రాన్స్‌క్రిప్టులో ఫస్ట్ ఇయర్ లేదేంటని అడుగుతున్నారు.

అడగడం సహజం. వాళ్లకి నాలుగేళ్ల డిగ్రీ పట్టా కనిపిస్తుంది, మార్కులు మూడేళ్లవే కనిపిస్తాయి. ఎస్‌బీటీఈటీ (పాలిటెక్నిక్ పరీక్షలు పెట్టే రాష్ట్ర సాంకేతిక విద్యా బోర్డు) ఇచ్చిన డిప్లొమా మెమోలు, డిప్లొమా సర్టిఫికెట్ జతచేసి ఒక్క వాక్యం రాయండి: పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసి, రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాను అని. పది, మూడు, మూడు కలిపితే పదహారేళ్లు. ఇంటర్ చదివి వచ్చినవాళ్లకీ పది, రెండు, నాలుగు కలిపితే పదహారే. ఈ లెక్క మీరే చూపిస్తే ఎదుటివాళ్లకి వెతుక్కునే పని ఉండదు. డిప్లొమాను ‘హైస్కూల్’ కింద రాసి వదిలేయకండి, అసలు గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మా కాలేజీ మూతపడింది. మార్కులు ఎవరిస్తారు?

అఫిలియేటెడ్ అయితే మార్కులు, డిగ్రీ వర్సిటీ రికార్డుల్లో భద్రంగా ఉంటాయి. హాల్ టికెట్ నంబరు చేతిలో ఉంటే ఎగ్జామ్ బ్రాంచిలో పని జరుగుతుంది. దొరకనివి కాలేజీ సొంతంగా ఇచ్చే బోనఫైడ్, కాండక్ట్ లాంటివి. వాటికోసం ముందుగా వర్సిటీలో అర్జీ పెట్టండి. మూసేటప్పుడు మిమ్మల్ని వేరే కాలేజీకి సర్దితే, ఆ ఉత్తర్వు కాపీ తప్పక దాచుకోండి. మీరు కోరి మారలేదని చెప్పే కాగితం అదొక్కటే.

రెగ్యులేషన్ మారింది. కొన్ని సబ్జెక్టులు రెండుసార్లు, కొన్ని అసలు లేనట్టు కనిపిస్తున్నాయి.

రెగ్యులేషన్ అంటే ఒక బ్యాచ్‌కి వర్తించే సిలబస్, పరీక్షల నిబంధనలు. డిటెయిన్ అయి (అంటే పై తరగతికి వెళ్లనివ్వకుండా ఆపేస్తే) రీ-అడ్మిషన్ తీసుకున్నా, వర్సిటీ మారినా ఇలా జరుగుతుంది. ఆర్16 రెగ్యులేషన్‌లో మొదలుపెట్టి ఆర్18 బ్యాచ్‌తో కలిసినవాళ్లకి పాత సబ్జెక్టుకి బదులు సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టు ఇస్తారు, ముందే చదివినదాన్ని మినహాయిస్తారు. ఆ మినహాయింపు, సబ్‌స్టిట్యూట్ల వివరాలతో వర్సిటీ ఇచ్చిన లెటర్‌ని ట్రాన్స్‌క్రిప్టుతో పాటు ఒకే పీడీఎఫ్‌గా పెట్టండి. ఆ లెటర్ లేకుండా చూసేవాళ్లకి క్రెడిట్లు తగ్గినట్టే అనిపిస్తుంది.

ఒక మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో మరోలా ఉంది.

కాలేజీలు మారినకొద్దీ మన పేర్లకి ఈ తిప్పలు ఎక్కువవుతాయి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట చివర, ఒకచోట ‘కె.’ అని మాత్రమే. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని పాస్‌పోర్టును దానికి సరిపోయేలా చూసుకోండి. అప్లికేషన్ మొత్తం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, ‘ఇతర పేర్లు’ అనే చోట మెమోల్లోని రూపాలన్నీ ఇవ్వండి. అక్షరదోషం ఉంటే మాత్రం డిగ్రీ పట్టా ప్రింట్ కాకముందే దిద్దించుకోండి, ఆ తర్వాత నెలలు పడుతుంది.

డబ్ల్యూఈఎస్ అందరూ చేయించాలా?

అక్కర్లేదు. డబ్ల్యూఈఎస్ అనేది మన డిగ్రీని, మార్కులను అమెరికా లెక్కలో మదింపు చేసి నివేదిక ఇచ్చే సంస్థ. అప్లై చేసే వర్సిటీ అడిగితేనే చేయించండి. అడిగితే ఎక్కువగా కోర్స్-బై-కోర్స్ (ప్రతి సబ్జెక్టూ విడిగా చూపే) రకమే కావాలంటారు. ట్రాన్స్‌క్రిప్టును మీరు పంపితే తీసుకోరు, ఇచ్చిన సంస్థే పంపాలి. రెండు సంస్థల నుంచి వెళ్లాల్సినప్పుడు రెండిట్లోనూ మీ రిఫరెన్స్ నంబరు ఒకటే ఉండేలా చూడండి. లేకపోతే ఒక కవరు చేరి, రెండోది ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది.

క్రెడిట్లు ఏబీసీలో ఉన్నాయి కదా, ఇంకా ట్రాన్స్‌క్రిప్టు ఎందుకు?

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. మన దేశంలో ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లను ఇంకోచోట వాడుకోవడానికి పెట్టారు. అందులో క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిలుస్తాయి. విదేశీ వర్సిటీ ట్రాన్స్‌క్రిప్టుకి అది బదులు కాదు.

## మార్కులు, జీపీఏ

రెండు కాలేజీల సీజీపీఏలు కూడి రెండుతో భాగించి రాయొచ్చా?

వద్దు. క్రెడిట్ల బరువు చూడాలి. మొదటి చోట 40 క్రెడిట్లకి 6.2, రెండో చోట 120 క్రెడిట్లకి 8.1 వచ్చిందనుకోండి. ఉత్త సగటు 7.15. క్రెడిట్లతో గుణించి చూస్తే 1220ని 160తో భాగించాలి, 7.62 పైచిలుకు వస్తుంది. అరపాయింటు దాకా నష్టపోతారు. అసలు మంచిదేమిటంటే ప్రతి సంస్థ ఎదురుగా దాని సీజీపీఏ దాని స్కేలులోనే రాయడం. ఒకచోట శాతం, ఒకచోట పాయింట్లు ఉంటే అలాగే వదిలేయండి. నాలుగు పాయింట్ల స్కేలుకి మార్చమని వాళ్లే అడిగితే తప్ప మార్చకండి. మీ వర్సిటీ ఇచ్చిన సూత్రం ఉంటే, హైదరాబాద్ జేఎన్టీయూ గ్రేడింగ్‌లో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణించినట్టు, ఆ పత్రం జతచేయండి.

మొదటి కాలేజీలో మార్కులు చాలా తక్కువ. ఇక ఆశ వదులుకోవాలా?

వదులుకోకండి. చివరి రెండేళ్లకి ఎక్కువ విలువిచ్చే వర్సిటీలు చాలా ఉన్నాయి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో పీజీకి కనీస అర్హత చూసేటప్పుడు చివరి 60 సెమిస్టర్ యూనిట్లలో (మన క్రెడిట్ల లాంటివి) నాలుగుకి 2.5 జీపీఏ ఉన్నా లెక్కే. టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ మూడు, నాలుగో ఏళ్ల స్థాయి కోర్సుల్లో 3.0 చూస్తుంది. ఇవి కనీస అర్హతలే, సీటుకి పోటీ వేరు. అయినా మొదటి ఏడాది 5.8 నుంచి ఆఖరి ఏడాది 8.5కి ఎక్కిన గ్రాఫ్, మొదటి నుంచీ 7.2 దగ్గరే ఉన్న గ్రాఫ్ కంటే బలంగా కనిపిస్తుందని నా నమ్మకం. తక్కువ మార్కులొచ్చిన సబ్జెక్టు మీరు చేరబోయే కోర్సుకి పునాది అయితే, డేటా స్ట్రక్చర్స్ లాంటిదైతే, ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) ఆ కోర్సు చేసి, పర్యవేక్షణలో జరిగే పరీక్ష రాసి సర్టిఫికెట్ పెట్టండి. పీజీ ప్రవేశానికి రాసే జీఆర్‌ఈ పరీక్ష ఐచ్ఛికం అన్నచోట కూడా మంచి స్కోరు ఉంటే పంపండి. ఆ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది.

బ్యాక్‌లాగులు ఎలా లెక్కపెట్టాలి?

ఒక్కో సబ్జెక్టును ఒకసారి. ఎన్నిసార్లు సప్లీ రాశారన్నది వేరే లెక్క. ఎలా అడిగారో చదివి అదే రాయండి. కాలేజీ మారినప్పుడు అదనంగా రాయాల్సి వచ్చిన సబ్జెక్టులు బ్యాక్‌లాగులు కావు.

## అప్లికేషన్ నింపేటప్పుడు

ఒక్క సెమిస్టరే కదా, ఆ కాలేజీ పేరు రాయకపోతే ఏమవుతుంది?

రాయండి. అప్లికేషన్ చివర ‘ఇచ్చిన వివరాలన్నీ సంపూర్ణం, నిజం’ అని సంతకం పెడుతున్నారు. తర్వాత బయటపడితే సీటు రద్దు చేయవచ్చు, చేరాక తెలిస్తే చదువు మధ్యలో పంపేయవచ్చు, పట్టా ఇచ్చాక కూడా వెనక్కి తీసుకునే అధికారం వర్సిటీలకి ఉంది. మన ట్రాన్స్‌క్రిప్టులో చేరిన ఏడాది, హాల్ టికెట్ నంబరు, రెగ్యులేషన్ ఉంటాయి, వాటిని కలిపి చదివితే ఖాళీ కనిపిస్తుంది. ‘అది వదిలేయండి, ఎవరు చూస్తారు’ అని చెప్పే కన్సల్టెన్సీ మనిషి మీతో విమానం ఎక్కడు. రేపు జవాబు చెప్పుకోవాల్సింది మీరొక్కరే. ఒక సెమిస్టర్ తక్కువ మార్కుల వల్ల సీటు పోయినవాళ్లు నాకు తెలియదు. దాచి పోగొట్టుకున్నవాళ్లు తెలుసు, వాళ్లలో ఒకరు నా రూమ్మేటే.

ఎస్‌వోపీలో కాలేజీ మారిన కథ ఎంత రాయాలి?

ఎస్‌వోపీ అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం. అందులో దీనికి రెండు మూడు వాక్యాలు. కారణం, మారిన తర్వాత ఏం చేశారు, అంతే. నాన్నగారి ఆరోగ్యం, ఫీజు కట్టలేకపోవడం, బ్రాంచి ఎత్తేయడం, హాజరు 65 శాతం కంటే కిందికి పడిపోయి డిటెయిన్ అవ్వడం, ఏదైనా సరే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాత కాలేజీని తిట్టకండి. అక్కడ ల్యాబు లేదని రాసే బదులు కొత్తచోట ల్యాబులో ఏం కట్టారో రాయండి. చాలా అప్లికేషన్లలో ‘అదనపు సమాచారం’ అని ఒక చోటు ఉంటుంది. తేదీల వారీ వివరం అక్కడ పెడితే ఎస్‌వోపీ మొత్తం మీరు చదవాలనుకుంటున్న విషయానికే మిగులుతుంది.

నేను రాసుకున్నది దాదాపు ఇలా ఉండేది: ‘రెండో ఏడాది చివర మా కాలేజీలో నా బ్రాంచిని ఉపసంహరించారు. వర్సిటీ అనుమతితో మూడో ఏడాది వేరే కాలేజీలో చేరాను. అక్కడ నాలుగు సెమిస్టర్లూ డిస్టింక్షన్‌లో ముగించాను.’ మొదటి డ్రాఫ్టులో ఇదే విషయం పేజీన్నర ఉంది. మా గైడ్ మేడమ్ చదివి, ‘ఇందులో నీ బాధ ఉంది, నువ్వు లేవు’ అన్నారు. అప్పుడు కొట్టేశాను.

ఏ కాలేజీలోనూ రెండేళ్లకి మించి లేను. రికమండేషన్ లెటర్లు ఎవరిని అడగాలి?

సాధారణంగా మూడు కావాలి. ప్రాజెక్టు గైడ్ మొదటివారు. రెండోది మీకు రెండు సబ్జెక్టులైనా చెప్పిన లెక్చరర్. మూడోది పాత కాలేజీ నుంచి ఒకరు దొరికితే చాలా బలం, ఎందుకంటే ‘మంచి విద్యార్థే, పరిస్థితుల వల్ల వెళ్లిపోయాడు’ అని వాళ్లు చెబితే మీరు చెప్పాల్సిన పని ఉండదు. హోదా చూసి హెచ్‌వోడీని అడగడం కంటే మీ పేరు గుర్తున్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని అడగండి. కాలేజీ మారే రోజే వాళ్ల సొంత మెయిల్ ఐడీ తీసుకోండి, కాలేజీ మెయిళ్లు వాళ్లు మానేస్తే ఆగిపోతాయి.

బీటెక్ రెండేళ్లు చదివి మానేసి, తర్వాత బీఎస్సీ చేశాను. బీటెక్ సంగతి చెప్పాలా?

చెప్పాలి, ఆ మార్కులూ ఇవ్వాలి. ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. మూడేళ్ల బీఎస్సీని కొన్ని అమెరికా వర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని నాలుగేళ్లు ఉండాలంటాయి. మధ్యలో ఆపేసిన బీటెక్ సంవత్సరాలు డిగ్రీలో దానంతటదే కలవవు. ఫీజు కట్టకముందే ఆ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ చేసి అడగండి. కాదంటే ఇక్కడే ఎంఎస్సీ చేసి వెళ్లడం సూటి దారి.

## వీసా

ఇంటర్వ్యూలో కాలేజీ ఎందుకు మారావని అడుగుతారా?

అడగవచ్చు. వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో చదివిన సంస్థలు తేదీలతో సహా రాయాలి. అది వర్సిటీకి ఇచ్చిన వివరాలతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఫారం మీ బదులు వేరేవాళ్లు నింపితే, సబ్మిట్ చేసేముందు ప్రతి తేదీ మీరే చూసుకోండి. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ కిటికీ దగ్గర మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ఆగండి. వాళ్లకి ఇంకా కావాలంటే అడుగుతారు.

## అమెరికా వెళ్లాక మళ్లీ మారాల్సి వస్తే

ఎమ్మెస్ మధ్యలో వేరే యూనివర్సిటీకి మారొచ్చా?

నిబంధనలు పాటిస్తే మారవచ్చు. ముందు ఏ వర్సిటీ ఐ-20 (విద్యార్థి వీసాకోసం వర్సిటీ ఇచ్చే ఫారం) మీద దేశంలోకి వచ్చారో అక్కడ రిపోర్ట్ చేసి చేరాలి. తర్వాత కొత్త వర్సిటీ అడ్మిషన్ తీసుకుని, పాతచోటి ఇంటర్నేషనల్ ఆఫీసుని సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల గురించి అమెరికా ప్రభుత్వం ఉంచే ఆన్‌లైన్ రికార్డు) విడుదల చేయమని అడగాలి. విడుదల తేదీ నుంచి ఐదు నెలల లోపు కొత్తచోట తరగతులు మొదలవ్వాలి. ఈ మధ్యలో క్లాసులు ఎగ్గొడితే విద్యార్థిగా అక్కడ ఉండే హక్కు (స్టేటస్) పోతుంది. పాతచోట చేసిన కోర్సుల్లో చాలా వర్సిటీలు రెండు మూడింటికి మించి తీసుకోవు, అవీ కనీసం ‘బి’ గ్రేడు వస్తేనే. కాబట్టి రెండో సెమిస్టర్ తర్వాత మారితే డబ్బూ కాలమూ రెండూ పోతాయి. మారాలనుకుంటే మొదటి సెమిస్టర్ చివరే తేల్చుకోండి.

ఫ్రెండ్ చెప్పిన కాలేజీలో క్లాసులకి వెళ్లక్కర్లేదట, పని చేసుకోవచ్చట. మారమంటారా?

వద్దు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు అక్కడున్న వందల మందిలో ఎక్కువ మంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా అధికారులే వల వేయడానికి పెట్టింది. అందులో తరగతులే లేవు. అందులోకి ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లలోనూ మనవాళ్లు చాలామంది ఉన్నారు, అరెస్టయ్యారు, తిప్పి పంపారు. ప్రభుత్వ జాబితాలో పేరు ఉందని ఊరుకోకండి. తరగతి గది, హాజరు, పాఠం చెప్పే మనిషి ఉన్నారా అని చూడండి.

## ఇక్కడే పీజీ చేయాలనుకుంటే

కాలేజీలు మారినవాళ్లకి ఎంటెక్, ఎంబీఏ కౌన్సెలింగ్‌లో ఇబ్బంది ఉంటుందా?

గేట్ ద్వారా వెళ్లేవాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు. డిగ్రీలో కనీస మార్కులు ఉంటే చాలు, గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. పీజీఈసెట్, ఐసెట్ లాంటి రాష్ట్ర కౌన్సెలింగ్‌లలో స్థానికత దగ్గర జాగ్రత్త కావాలి. సీట్లలో 85 శాతం స్థానికులకే కాబట్టి గత ఏడేళ్లు ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు చూస్తారు. మధ్యలో రెండేళ్లు బెంగళూరులోనో చెన్నైలోనో చదివి వచ్చినవాళ్లు వెరిఫికేషన్ రోజున ఇక్కడే తడబడతారు. ప్రతి కాలేజీ నుంచి విడిగా స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. ఖాళీ ఉంటే నివాస ధ్రువపత్రం అవసరమవుతుందేమో నోటిఫికేషన్‌లో చూసి, మీసేవలో ముందే అప్లై చేయండి. చేరేటప్పుడు వేరే వర్సిటీ అయితే మైగ్రేషన్ ఒరిజినల్ అడుగుతారు, అది చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి ఫలితాలు వచ్చిన వెంటనే దానికి అర్జీ పెట్టేయండి.